కట్ట కనపడని చెరువు

మా నాన్న ఇరిగేషన్‌లో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యారు. కృష్ణా డెల్టా కాలవగట్ల మీద ముప్పై ఏళ్ళకి పైగా, మొదట సైకిలు మీద, తర్వాత టీవీఎస్ మీద తిరిగిన మనిషి. కిందటి వేసవిలో అమ్మా నాన్నా మా దగ్గరికి ఇంగ్లండ్ వచ్చినప్పుడు ఒక శనివారం బ్లెన్‌హైమ్ ప్యాలెస్‌కి తీసుకెళ్ళాను. వుడ్‌స్టాక్ ఊళ్ళోంచి ఆ పెద్ద రాతి కమాను దాటి లోపలికి అడుగుపెడితే చాలు, లోయంతా కళ్ళెదురుగా పరుచుకుని ఉంటుంది, మధ్యలో మెలికలు తిరుగుతూ పోయే చెరువు, దాని మీద రాతి వంతెన, అవతల ప్యాలెస్. వచ్చినవాళ్ళందరూ అక్కడ ఆగిపోయి ఫోన్లు బయటికి తీస్తారు. మా అబ్బాయి కూడా "తాతయ్యా, చూడు ఎంత నేచురల్‌గా ఉందో" అన్నాడు. నాన్న చెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూసి, నా వైపు తిరిగి "కట్ట ఎక్కడుందమ్మా?" అన్నారు.

ఆ ఒక్క ప్రశ్న గురించే ఈ పోస్టు. నేను ఆ చోటికి అప్పటికే మూడుసార్లు వెళ్ళాను, ఆ చెరువునీ చుట్టూ ఉన్న పార్కునీ తీర్చిదిద్దిన పద్దెనిమిదో శతాబ్దపు తోటల డిజైనరు కేపబిలిటీ బ్రౌన్ గురించి పుస్తకాలు చదివాను, అతని తోటలు ఆరేడు చూశాను, ఒక్కసారి కూడా నాకు ఆ ప్రశ్న తట్టలేదు. అది తట్టకుండా ఉండాలనే బ్రౌన్ అంత కష్టపడ్డాడు.

కట్ట చూపిస్తాను రండి అని నాన్నని చెరువు ఒడ్డునే నడిపించుకుని పోయాను. దాదాపు మైలు దూరం. చివర్న బండరాళ్ళ మీంచి నీళ్ళు దూకుతూ జలపాతం ఒకటి ఉంటుంది, చుట్టూ చెట్లు, గబుక్కున చూస్తే ఏ అరకు లోయలోనో ఉన్నట్టుంటుంది. నాన్న రెండు నిమిషాలు చూసి "ఇది సర్‌ప్లస్ వియరమ్మా, అలుగు. రాళ్ళు పేర్చి ముసుగేశాడు, అంతే" అన్నారు. తర్వాత పక్కన చెట్లున్న మట్టిదిబ్బ చూపించి అదే కట్ట అన్నారు. లోపల హార్టింగ్‌లో, అంటే కట్ట నడిగర్భంలో, బంకమట్టి ఉండి తీరాలి, లేకపోతే ఇన్నాళ్ళు నిలవదు అన్నారు. నిజంగానే అప్పటి పద్ధతి అదే, బంకమట్టిని తడిపి, మనుషుల చేత తొక్కించి, పొర మీద పొర వేసుకుంటూ పోవటం. ఒక్క దానికి మాత్రం నాన్న ఒప్పుకోలేదు. "కట్ట మీద చెట్లేంటి? మేమైతే తుమ్మమొక్క కనపడ్డా పీకించేవాళ్ళం, వేరు లోపలికి పోయి కుళ్ళిందంటే ఆ సందులోంచే గండి పడుద్ది."

చెట్లు ఎందుకు పెట్టాడంటే, కట్ట కనపడకూడదు కాబట్టి.

గ్లైమ్ అనే చిన్న ఏరు అది. ప్యాలెస్ ఆర్కిటెక్ట్ వాన్‌బ్రూ కట్టిన ఆ మహా వంతెన కింద అంతకుముందు పిల్లకాలవంత నీళ్ళు పారుతుంటే, ఇంత వంతెనకి ఇదా నది అని జనం ఎగతాళి చేసేవాళ్ళట. బ్రౌన్ 1764 నుంచి పదేళ్ళ పాటు అక్కడ పని చేశాడు. ఏటికి అడ్డంగా కట్ట వేసి, నీళ్ళు వంతెన నడుము దాకా వచ్చేట్టు లేపాడు. ఆ వంతెనలో గదులుండేవి, కింది గదులు నీళ్ళలో మునిగిపోయాయి. మునిగితే మునిగాయి, వంతెనకి తగ్గ చెరువు వచ్చింది. లెవెల్ ఎంతకి పెడితే ఒడ్డు ఎక్కడికొస్తుంది, ఏ వంపు ఎటు తిరుగుతుంది అనేది ముందే లెక్క కట్టకపోతే ఇది కుదరదు. ఏమాత్రం తేడా వచ్చినా పచ్చికబయలంతా చిత్తడి అయిపోతుంది.

ఇంతకీ నేను చెప్పదలుచుకున్నది ఏంటంటే, బ్రౌన్‌ని మనం మెచ్చుకునే తీరే తప్పు. "సహజంగా ఉంది" అంటాం. అది అతనికి గౌరవం కాదు, అతని దగ్గర పని చేసినవాళ్ళకి అసలే కాదు. అతని చెరువులకి కట్టల దగ్గర బోర్డు పెట్టాలి, అతని జమాఖర్చుల పుస్తకం తోటలోనే పెట్టి చూపించాలి, ఏ నేల ఎవరిది, డబ్బు ఎక్కడిది, మట్టి ఎన్నేళ్ళు మోశారు అన్నీ చెప్పాలి. చెబితే తోట అందం తగ్గిపోతుందని నేను అనుకోను. నాన్నతో కలిసి చూశాక నాకు ఆ చెరువు ఇంకా పెద్దగా కనిపించింది.

పుచ్చపాదుల్లోంచి వచ్చినవాడు

లాన్సలాట్ బ్రౌన్ 1716లో నార్తంబర్లండ్‌లోని కిర్క్‌హార్ల్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు, ఆ ఊరి జమీందారు తోటలోనే పని నేర్చుకున్నాడు. 1741లో స్టో ఎస్టేట్‌లో చేరి అక్కడ హెడ్ గార్డెనర్ అయ్యాడు. తర్వాత సొంతంగా పనులు పట్టి, పార్క్ తర్వాత పార్క్, 170 పైన చోట్ల చేశాడు. 1764లో రాజుగారి తోటలకి పెద్ద అయ్యి హాంప్టన్ కోర్ట్‌లో ఇల్లు సంపాదించాడు. ఎవరి ఎస్టేట్‌కి వెళ్ళినా గుర్రం మీద ఓ చుట్టు తిరిగొచ్చి "మీ స్థలానికి కేపబిలిటీలు ఉన్నాయండి" (అంటే బాగుచేసే అవకాశాలు) అనేవాడట, ఆ మాటే పేరైపోయింది.

ఇలాంటి ఎదుగుదలని పైవాళ్ళు ఊరికే వదలరు కదా. విలియం చాంబర్స్ అనే ఆర్కిటెక్ట్ 1772లో ఒక పుస్తకం రాసి, కూరపాదులు పెంచేవాళ్ళు, పుచ్చపాదుల్లోంచి లేచొచ్చినవాళ్ళు విగ్గులు పెట్టుకుని పండితులైపోయారని తిట్టాడు. బ్రౌన్ పేరు రాయలేదు, రాయక్కర్లేకుండానే అందరికీ తెలిసింది. ఆ తిట్టు చదివినప్పుడు నాకు చిర్రెత్తుకొచ్చింది. మట్టి తెలిసినవాడికి కళ తెలియదు అనే ఆ మాట ఏ దేశంలో విన్నా ఒకేలా ఉంటుంది. మా నాన్న ఏ కాలవ ఎక్కడ లీకవుతుందో గట్టు మీద తడి చూసి చెప్పగలరు, డిగ్రీ లేదని ఆయన మాట మీటింగుల్లో ఎవరూ వినేవాళ్ళు కాదు.

బ్రౌన్ తన కళ గురించి పుస్తకం రాయలేదు. అందుకే హనా మోర్ అనే రచయిత్రి 1782లో అతన్ని హాంప్టన్ కోర్ట్‌లో కలిసి, అతను చెప్పింది రాసి పెట్టటం మన అదృష్టం. వేలు చూపిస్తూ చెప్పాడట, అదిగో అక్కడ కామా పెడతాను, అక్కడ మలుపు కావాలి కాబట్టి కోలన్, చూపు ఆపాలనుకున్న చోట బ్రాకెట్లు, ఇక్కడ ఫుల్‌స్టాప్, ఆ తర్వాత ఇంకో విషయం మొదలెడతాను అని. ఇది ప్రకృతిని కాపీ కొట్టేవాడి మాటలా ఉందా? వాక్యం కట్టటం తెలిసినవాడి మాట. ఒక చెట్ల గుంపు దగ్గర చూపుని ఆపి, ఇంకో గుంపు దాటించి, చెరువు చివర కనపడకుండా వంపు తిప్పి ఇంకా ఎంతో దూరం నీళ్ళున్నాయని మనకి అనిపించేట్టు చెయ్యటం, అంతా రాసుకున్న వాక్యమే.

అతను 1783 ఫిబ్రవరి 6న పోయాడు. ప్రకృతి గారి రెండో మొగుడు పోయాడు అని అప్పటి రచయిత హోరేస్ వాల్పోల్ ఉత్తరం రాశాడు. అప్పుడొచ్చిన ఒక సంస్మరణలో ఇంకో మాట ఉంది, అతను బాగా చేసిన చోటే అతన్ని జనం మర్చిపోతారు, ఎందుకంటే అతని పనిని ప్రకృతి అనుకుంటారు అని. రాసినవాళ్ళు పొగడ్తగానే రాశారు. నాకు మాత్రం అది చదివితే దిగులేస్తుంది.

క్రూమ్‌లో తవ్విన నది

బ్రౌన్ సొంతంగా చేసిన మొదటి పెద్ద పని వుస్టర్‌షైర్‌లోని క్రూమ్, 1751లో మొదలైంది. బురదనేల. దాని కింద ఇటుక కాలవలు వేసి నీళ్ళన్నీ ఒకచోటికి మళ్ళించి, రెండు మైళ్ళకి కాస్త తక్కువ పొడుగున ఒక నది తవ్వించాడు. పారలతో, చేతులతో తవ్విన నది. అడ్డంగా ఉందని పాత చర్చిని తీసేసి గుట్ట మీద కొత్తది కట్టారు. అక్కడి జమీందారు లార్డ్ కవెంట్రీ, బ్రౌన్ పోయిన చాలా ఏళ్ళకి, 1797లో, చెరువు పక్కన అతనికి ఒక స్మారకం పెట్టించాడు. ఈ తోటని ఊబినేలలోంచి సృష్టించినవాడు అని దాని మీద చెక్కించాడు. నేను చూసిన బ్రౌన్ తోటలన్నిట్లో నాకు నచ్చిన రాత అదే. అందులో ఊబి ఉంది! ముందు ఏముండేదో చెప్పారు, అప్పుడే కదా ఏం చేశాడో తెలిసేది.

(క్రూమ్ కోర్ట్ 1979 నుంచి అయిదేళ్ళు హరే కృష్ణ వాళ్ళ చేతుల్లో ఉండేది. ఆ భవనం చూస్తుంటే అమ్మకి ఈ మాట చెప్పాను, మిగతా రోజంతా ఆవిడకి ఆ తోట సొంతింటిలా అయిపోయింది.)

ఒప్పుకోవాల్సిన తప్పులూ ఉన్నాయి. బ్లెన్‌హైమ్‌లో హెన్రీ వైజ్ వేసిన పాత లెక్కల తోట, గీత గీసినట్టు కత్తిరించిన పొదలతో ఉండేది, బ్రౌన్ దాన్ని చెరిపేసి ప్యాలెస్ గోడ దాకా గడ్డి తెచ్చాడు. 1920ల్లో అక్కడి డ్యూక్ మళ్ళీ డుషేన్ అనే ఫ్రెంచి ఆయన్ని పిలిపించి నీళ్ళ మెట్లతోటలు కట్టించుకోవాల్సి వచ్చింది. చెరిపేయటంలో బ్రౌన్‌కి జాలి లేదు. ఇంకొకరి జీవితకాలం కష్టాన్ని పాతబడిపోయిన ఫ్యాషన్ అని ఎత్తి పారేశాడు.

అంతకంటే బాధ పెట్టేది మిల్టన్ ఆబస్ కథ. డోర్సెట్‌లో జోసెఫ్ డేమర్ అనే లార్డ్, తన ఇంటి పక్కన వంద ఇళ్ళకి పైగా ఉన్న ఊరు చూపుకి అడ్డమని ఊరిని ఊరినే తీయించేశాడు. కొండ పక్క లోయలో అన్నీ ఒకేలా ఉండే గడ్డికప్పు ఇళ్ళు కట్టించి జనాన్ని అక్కడికి పంపించాడు. ఒక లాయరు లీజు ఉంది కదలను అంటే చెరువు తూము ఎత్తేసి అతనింటి మీదికి నీళ్ళు వదిలారని, ఆయన కోర్టుకెక్కి గెలిచాడని చెబుతారు. అక్కడి పార్కు పని బ్రౌన్‌దే. నిర్ణయం లార్డ్‌ది, ఊళ్ళు లేపేసిన జమీందార్లు బ్రౌన్ లేకపోయినా ఉండేవాళ్ళు, ఇవన్నీ నాకు తెలుసు. అయినా గీత గీసి ఇచ్చినవాడికి ఆ గీత కింద ఏ వీధి ఉందో తెలియకుండా ఉంటుందా? ఇప్పుడు ఆ కొత్త ఊరిని చూట్టానికి టూరిస్టులొస్తారు, చాలా ముచ్చటగా ఉంటుంది. నాన్నకి ఫొటోలు చూపిస్తే "నిర్వాసితుల కాలనీ" అన్నారు, ఇంకేం అనలేదు.

కాపీ కొట్టింది గడ్డిని

బ్రౌన్ వారసత్వం అంటే ఇంగ్లండ్‌లో మిగిలిన పార్కులే కాదు, ప్రపంచమంతా పాకిన గడ్డి కూడా. అమెరికా పార్కుల డిజైనరు ఓమ్‌స్టెడ్ 1850లో ఇంగ్లండ్ వచ్చి బర్కెన్‌హెడ్ పార్క్ చూసి వెళ్ళాడు, 1858లో కాల్వర్ట్ వాక్స్‌తో కలిసి న్యూయార్క్ సెంట్రల్ పార్క్ ప్లాన్ గీశాడు, 1869లో ఇల్లినాయ్‌లో రివర్‌సైడ్ అనే కాలనీకి ఇళ్ళన్నీ రోడ్డుకి వెనక్కి జరిపి ముందంతా పచ్చిక వదిలాడు. అమెరికా ఇళ్ళ ముందు లాన్ చరిత్రలో అది పెద్ద మెట్టు. మా తమ్ముడు డాలస్ దగ్గర ఉంటాడు, ఎండలు నలభై దాటిన ఏడాది ఇంటి ముందు గడ్డి ఎండిపోయిందని కాలనీ అసోసియేషన్ నోటీసు పంపింది. నీళ్ళు వారానికి ఇన్ని రోజులే పెట్టాలని ఊరి రూలు ఒకటి, గడ్డి పచ్చగా ఉండాలని కాలనీ రూలు ఇంకొకటి.

బ్రౌన్ పచ్చిక మీద నీళ్ళు చల్లేవాడు లేడు, వాన పడేది. కోత మిషను కూడా లేదు, అది వచ్చిందే 1830లో, ఇంటి దగ్గర కొడవళ్ళతో కోసేవాళ్ళు, దూరంగా గొర్రెలూ ఆవులూ మేసేవి. అవి ఇంటి మీదికి రాకుండా హాహా అనే లోతు కందకం, ఒక పక్క గోడ, కిటికీలోంచి చూస్తే కనపడదు. (హాహా బ్రౌన్ కనిపెట్టింది కాదు, అతనికి ముందటి తోటల డిజైనరు బ్రిడ్జ్‌మన్ తరం నుంచే ఉంది.) అంటే ఆ పచ్చిక మేతబీడు, ఆదాయం వచ్చే నేల. ఆ నేలకి ఏది కుదురుతుందో చూసి చేసిన పని. మనం ఆ చూడటం వదిలేసి పైన రంగు ఒక్కటి పట్టుకెళ్ళాం. సహజం అని నమ్మాం కాబట్టే ఎక్కడైనా వేసేయొచ్చు అనుకున్నాం, అది ఆ వానకీ ఆ మట్టికీ సరిపడా కట్టిన యంత్రం అని ఎవరన్నా చెప్పుంటే టెక్సాస్‌లో వేసేముందు ఒక్క క్షణం ఆలోచించేవాళ్ళేమో.

ఆ యంత్రానికి మరామ్మతు కూడా కావాలి. బ్లెన్‌హైమ్ చెరువులో క్వీన్ పూల్ అనే పై భాగం ఒండ్రుతో పూడిపోతే కొన్నేళ్ళ క్రితం పూడిక తీశారు. 25,000 ఘనపు మీటర్లకి మించి నీళ్ళు ఎత్తి నిలబెట్టిన చెరువులకి ఇక్కడ 1975 రిజర్వాయర్ల చట్టం ఉంది, ఇంజనీర్లు వచ్చి కట్ట చూడాలి. ఈ మాట చెప్పినప్పుడు నాన్న మొహంలో ఆ రోజంతా చూడని సంతోషం చూశాను. "అయితే చూసేవాళ్ళున్నారన్నమాట" అన్నారు.

క్లైవు పెట్టె

రెండు వారాల తర్వాత సర్రేలో ఈషర్ దగ్గర క్లేర్‌మాంట్‌కి వెళ్ళాం. ఇక్కడికి నాన్నని తీసుకెళ్ళాలా వద్దా అని చాలా ఆలోచించాను. మాది బందరు. రాబర్ట్ క్లైవు 1758లో బెంగాల్ నుంచి కల్నల్ ఫోర్డ్‌ని పంపితే, అతను చందుర్తి దగ్గర ఫ్రెంచివాళ్ళని ఓడించి, 1759 ఏప్రిల్‌లో బందరుకోట పట్టుకున్నాడు. 1765లో ఉత్తర సర్కారులకి మొగలు పాదుషా ఫర్మానా సంపాదించిందీ క్లైవే. ఆ క్లైవు కొనుక్కున్న ఎస్టేట్ క్లేర్‌మాంట్, పాత ఇల్లు పడగొట్టించి 1769 నుంచి కొత్తది కట్టించుకున్నాడు. కట్టింది బ్రౌన్, అల్లుడు కాబోయే హెన్రీ హాలండ్‌తో కలిసి. పుచ్చపాదులని తిట్టిన ఆ చాంబర్స్ కూడా ఈ ఇంటికి ప్లాన్లు ఇచ్చి పని దక్కక పోగొట్టుకున్నాడు, తిట్టు వెనక ఆ మంట కూడా ఉంది.

ఆ గోడలు లేస్తున్న రోజుల్లోనే, 1770లో, బెంగాల్ కరువు. మూడోవంతు జనం పోయారని వారెన్ హేస్టింగ్స్ అంచనా వేశాడు. క్లైవుకి ప్లాసీ తర్వాత ముట్టింది 2,34,000 పౌన్లు, దాని మీద ఏడాదికి 27,000 పౌన్ల జాగీరు. ఇక్కడి మా తెలుగువాళ్ళలో ఒక ఫ్రెండు "ఆ తోటలో గడ్డిపరక కూడా మన సొమ్మే, చూసి మురిసిపోవటానికి సిగ్గుండాలి" అంటాడు. బందరు సొమ్ము కాదు, ఆ ఇంట్లోకి వెళ్ళింది బెంగాల్ సొమ్ము, నేను లెక్క సరిగ్గా చెప్పాలనే మనిషిని కాబట్టి వాడితో వాదించాను. కానీ వాదిస్తున్నంతసేపూ నా మాటలో బలం లేదని నాకే తెలుస్తూ ఉంది. ఎందుకంటే క్లేర్‌మాంట్ గురించి ఒక కథ ఉంది.

క్లైవు ఒకసారి బ్రౌన్‌కి తన పడకగది తలుపు దగ్గర ఉన్న పెద్ద పెట్టె చూపించి, ఇది ఒకప్పుడు నిండా బంగారంతో ఉండేది అన్నాడట. దానికి బ్రౌన్, పడకగదికి ఇంత దగ్గర్లో దీన్ని పెట్టుకుని మీరు భరించగలుగుతున్నారు, సంతోషం అన్నాడట. రచయిత డాక్టర్ జాన్సన్ చెప్పగా ఆయన జీవితచరిత్రలో బాస్వెల్ రాశాడు, 1840లో మెకాలే ఆ బంగారం ముర్షిదాబాద్ ఖజానాదని విప్పి చెప్పాడు. అంటే బ్రౌన్‌కి తెలుసు. ఎక్కడి డబ్బో తెలుసు, దాని పక్కన నిద్ర పట్టదని తెలుసు, మొహం మీదే అన్నాడు, అని పని పూర్తి చేశాడు, డబ్బు తీసుకున్నాడు. ఈ కథ చదివిన దగ్గర్నుంచీ బ్రౌన్ మీద నా ప్రేమ ఒక పక్కకి ఒరిగిపోయి ఇంతవరకూ నిటారుగా నిలబడలేదు.

క్లేర్‌మాంట్ చెరువు బ్రౌన్‌ది కాదు, అతనికి ముందటి డిజైనరు విలియం కెంట్‌ది. దాని పైన కొండ మీద బ్రిడ్జ్‌మన్ గడ్డితో కట్టిన మెట్ల రంగస్థలం ఉంది, గుండ్రంగా, మూడెకరాలు. బ్రౌన్ కాలం నుంచీ చెట్లూ పొదలూ కమ్మేసి అది కనపడకుండా పోయింది, 1970ల్లో నేషనల్ ట్రస్ట్ వాళ్ళు కొట్టించి బయటికి తీశారు. ఆ మెట్ల మీద కూచుని నాన్నకి పెట్టె కథ చెప్పాను.

నాన్న అంతా విని "అయినా పని ఒప్పుకున్నాడా?" అన్నారు.

"ఒప్పుకున్నాడు నాన్నా."

చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, నేను చిన్నప్పట్నుంచీ ఎప్పుడూ వినని విషయం ఒకటి చెప్పారు. ఎప్పుడో ఒక వరద తర్వాత గండి పూడ్చే పని, కాంట్రాక్టరు పోసిన మట్టికి ఎమ్‌బుక్‌లో (పని కొలతలు రాసే పుస్తకం) ఎక్కిన మట్టికి పొంతన లేదు. టేపు ఒక కొస పట్టుకున్నది నాన్నే. పైనుంచి అంకె వచ్చింది, పుస్తకంలో రాశారు, నాన్న కొస వదిలేసి టేపు చుట్టేశారు.

"మరి గట్టు?" అన్నాను.

"గట్టు గట్టిగానే వేశామమ్మా. నేను రాత్రీ పగలూ అక్కడే ఉన్నా, రోలరు సరిగ్గా తిరిగితేనే ఇంకో పొర పొయ్యనిచ్చా. ఇప్పటికీ చెక్కు చెదర్లేదు. ఆ దారిన పోయినప్పుడల్లా బస్సులోంచి చూస్తా." కాసేపాగి, "లెక్కే తప్పు" అన్నారు.

కింద చెరువు పక్కన మా అబ్బాయి బాతులకి ఏదో వేస్తున్నాడు, అమ్మ వద్దని కేకేస్తోంది. వాన మొదలయ్యేట్టుంది. నాన్న లేచి, గడ్డి మెట్టు మీద చెప్పు కాలితో రెండుసార్లు తొక్కి చూసి, డ్రైనేజీ బాగుంది అంటూ కిందికి దిగారు.